ఆవం ముట్టించే ముందు జాగ్రత్తలు

వరంగల్ పరిసరాల్లో చెరువు మట్టితో వంటకుండలు, గురుగులు, రంజన్లు చేసేవారు ఆవానికి, అంటే కుండలు కాల్చే బట్టీకి, నిప్పు పెట్టే ముందు అన్నిటికన్నా మొదట చూడవలసింది తడి. పైకి ఆరినట్లు కనిపించే కుండ అడుగున తేమ మిగిలి ఉంటే, వేడి 100 డిగ్రీలు దాటగానే ఆ నీరు ఆవిరై, బయటపడే దారి లేక కుండను పగులగొట్టి, పక్కనున్న వాటిని కూడా పాడుచేస్తుంది. అందువల్ల ప్రతి కుండ అడుగును చెంపకు ఆనించి చూడాలి. చల్లగా తగిలితే మరికొన్ని రోజులు నీడలో ఆరనివ్వాలి. వానకాలంలో ఈ పరీక్షను నేను ఏ ఒక్క కుండకూ వదలను.

సున్నపురాయి పలుకులను మన్ను పిసికేనాడే ఏరివేయాలి, ఎందుకంటే కాలిన పలుకు తరువాత గాలిలోని తేమను పీల్చి ఉబ్బి, అమ్మిన కుండకు సైతం పెచ్చులు ఊడేలా చేస్తుంది.

గాలివాటు చూసుకోవాలి, గడ్డివాము దగ్గర ఆవం పెట్టరాదు, నీళ్లు సిద్ధంగా ఉంచాలి.

573 డిగ్రీల దగ్గర మట్టిలోని ఇసుక రేణువులు వేడి ఎక్కేటప్పుడు ఒక్కసారిగా వ్యాకోచించి, దిగేటప్పుడు అంతే వేగంగా కుంచించుకుపోతాయి కనుక, మంటను నిదానంగా పెంచడానికి, ఆవం పూర్తిగా చల్లారేదాకా విప్పకుండా ఉండడానికి చాలినంత సమయం ఉన్న రోజునే ఎంచుకోవాలి.

తినే పాత్రలకు మెరుగు పూయదలిస్తే సీసం కలిసిన పూతను అసలు ముట్టరాదు. చింతపులుసు, పెరుగు వంటి పుల్లని పదార్థాలలోకి ఆ విషం దిగుతుంది.