ఒలింపిక్ రోడ్ సైకిల్ రేసును అర్థం చేసుకుంటూ చూడటం ఎలా

పురుషుల ఒలింపిక్ రోడ్ రేసు దాదాపు ఆరు గంటలు నడుస్తుంది. 2024 పారిస్‌లో దూరం 273 కిలోమీటర్లు. అంటే దాదాపు హైదరాబాద్ నుంచి విజయవాడకు ఉన్నంత. ఆ దూరాన్ని బెల్జియం రైడర్ రెమ్కో ఎవెనెపోల్ 6 గంటల 19 నిమిషాల్లో, సగటున గంటకు 43 కిలోమీటర్ల వేగంతో పూర్తిచేసి స్వర్ణం గెలిచాడు. చివరి అరగంట మాత్రమే చూసినవాళ్లకు గెలిచినవాడి పేరు తెలుస్తుంది కానీ ఆ గెలుపు ఎక్కడ మొదలైందో తెలియదు. మొదటిసారి చూసేవాళ్లు కూడా రేసును చదవగలిగేలా, చేయాల్సిన పనులు వరుసగా ఇక్కడ చెబుతున్నాం.

ఒక్క మాట మనసులో పెట్టుకుంటే సగం పని అయినట్టే. ముందు వెళ్తున్నవాళ్ల కంటే, వెనక పెద్ద గుంపు తలలో, అంటే దాని ముందు వరుసలో, ఎవరి జెర్సీ ఉందో ఎక్కువగా చూడాలి.

ముందురోజు చేసుకోవాల్సినవి

రైడర్ల జాబితా, దారి ఎత్తుపల్లాల పటం రెండూ తీసుకోండి. జాబితాలో మొదట చూడాల్సింది ఒక్కో దేశానికి ఎంతమంది ఉన్నారన్నది. టూర్ డి ఫ్రాన్స్‌లో జట్టుకు 8 మంది ఉంటారు. ఒలింపిక్స్‌లో అంత బలగం ఉండదు. లండన్‌లోనూ టోక్యోలోనూ పెద్ద దేశాలకు గరిష్ఠంగా ఐదుగురు, పారిస్‌లో నలుగురు. పారిస్‌లో మొత్తం బరిలోకి దిగింది 90 మందే. చాలా దేశాలకు ఒక్కడో ఇద్దరో ఉంటారు. రోజంతా గాలికి ఎదురు నిలిచి గుంపును లాగే మనుషులు తక్కువ కాబట్టి, ఈ రేసును అదుపులో పెట్టడం ఎవరికైనా కష్టమే.

పేరు పక్కన దేశంతో పాటు ఏడాది పొడవునా జీతమిచ్చే వృత్తి జట్టు పేరు కూడా రాసుకోండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. టోక్యోలో చివర్లో, స్వర్ణం గెలిచిన ఈక్వెడార్ రైడర్ కరపాస్‌తో కలిసి ముందుకు వెళ్లిన అమెరికన్ మెక్‌నల్టీ, వెనక తరుముతున్న గుంపులోని స్లొవేనియా రైడర్ పొగచార్ ఇద్దరూ అప్పట్లో ఒకే వృత్తి జట్టువాళ్లు. జెర్సీలు వేరైనా పరిచయాలు, రుణాలు అలాగే ఉంటాయి. ఎవరైనా తరమాల్సిన చోట తరమకపోతే ఈ గడి వైపు ఒకసారి చూడండి.

ఎత్తుపల్లాల పటంలో మొత్తం ఎక్కుడు ఎంతో, చివరి ఎక్కుడు ముగింపుకు ఎంత దూరంలో ఉందో గుర్తుపెట్టుకోండి. 10 శాతం వాలు అంటే కిలోమీటరు ముందుకు వెళ్లేసరికి 100 మీటర్లు పైకి ఎక్కడం. టోక్యోలో మొత్తం ఎక్కుడు 4,865 మీటర్లు. మికుని కనుమ 6.5 కిలోమీటర్ల పాటు 10 శాతానికి పైగా వాలు. అలాంటి దారిలో బరువైన స్ప్రింటర్లకు, అంటే చివరి మీటర్లలో మెరుపు వేగంతో గెలిచేవాళ్లకు, చోటు లేదు. పారిస్‌లో ఎక్కుడు సుమారు 2,800 మీటర్లే అయినా, చివర్లో మోన్‌మార్త్ర్ గుట్టను మూడుసార్లు ఎక్కాలి. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల దారి 168 కిలోమీటర్లు, చదును. అక్కడ స్వర్ణం ఆస్ట్రేలియా స్ప్రింటర్ అలన్ డేవిస్‌కు దక్కింది. పటం చూడగానే అభ్యర్థుల్లో సగం మంది పేర్లు కొట్టేయొచ్చు.

పారిస్ రేసు మనకు మధ్యాహ్నం రెండున్నరకు, టోక్యో రేసు ఉదయం ఏడున్నరకు మొదలయ్యాయి. ఆతిథ్య నగరపు సమయాన్ని భారత కాలమానంలోకి ముందే మార్చి రాసుకోండి. ఆరు గంటలూ కూర్చోనక్కర్లేదు. మొదటి అరగంట, తర్వాత ప్రతి అరగంటకు ఐదు నిమిషాలు, చివరి 80 కిలోమీటర్లు పూర్తిగా చూస్తే సరిపోతుంది.

మొదటి అరగంట

జెండా ఊపగానే కొందరు గుంపును వదిలి ముందుకు వెళ్తారు. ఒలింపిక్స్‌లో వీళ్లలో చాలామంది చిన్న దేశాలవాళ్లు. పెద్ద దేశాలు వాళ్లను కావాలనే వదిలేస్తాయి. పారిస్‌లో ఈ తేడా పది నిమిషాలు దాటింది, టోక్యోలో 20 నిమిషాల దాకా పోయింది. కంగారు అక్కర్లేదు. ఇక్కడ రాసుకోవాల్సినవి రెండే. ముందు ఎంతమంది ఉన్నారు, గుంపు తలలోకి మొదట వచ్చి లాగడం మొదలుపెట్టింది ఏ దేశం.

టోక్యోలో బెల్జియం, స్లొవేనియాలు చెరొకరిని తలలో పెట్టాయి. బెల్జియం తరఫున లాగింది అంతకుముందు రియోలో స్వర్ణం గెలిచిన గ్రెగ్ వాన్ ఆవర్మాట్! అంతటివాడు గంటల తరబడి గాలిని చీలుస్తున్నాడంటే, ఆ రోజు ఆ జట్టు వౌట్ వాన్ ఆర్ట్ మీద ఎంత నమ్మకం పెట్టిందో తెలుస్తుంది. తమవాడి కోసం ఇలా లాగే జట్టే ఆ రోజు గెలుస్తాననుకునే జట్టు. చివరికి వాన్ ఆర్ట్‌కు రజతం, పొగచార్‌కు కాంస్యం వచ్చాయి.

తేడాను లెక్కగట్టడం

తెర మీద నిమిషాలు కనిపిస్తాయి. వాటిని మీటర్లలోకి మార్చడం వస్తే రేసు వేరేగా కనిపిస్తుంది. గంటకు 45 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 12.5 మీటర్లు. కాబట్టి చదును రోడ్డు మీద ఒక నిమిషం తేడా అంటే 750 మీటర్లు. ఎక్కుడులో 18 కిలోమీటర్ల వేగం దగ్గర అదే నిమిషం 300 మీటర్లే. దిగుడులో 72 కిలోమీటర్ల దగ్గర 1,200 మీటర్లు. అందుకే ఎక్కుడులో వెనకవాళ్లు ముందువాళ్లను కళ్లతో చూడగలుగుతారు. అందుకోబోతున్నట్టు అనిపిస్తుంది, కానీ సమయంలో తేడా ఒక్క సెకను కూడా తగ్గి ఉండకపోవచ్చు.

కష్టపడి తరిమే గుంపు పది కిలోమీటర్లకు ఒక నిమిషం కోస్తుందని సైక్లింగ్‌లో పాత లెక్క. ఎలాగంటే, ముందువాళ్లు 40 వేగంతో పోతే పది కిలోమీటర్లకు 15 నిమిషాలు పడుతుంది. గుంపు 43తో పోతే 14 నిమిషాల లోపే. మిగిలిన దూరాన్ని పదితో భాగించి, వచ్చిన సంఖ్యను తేడాతో పోల్చండి. 60 కిలోమీటర్లు ఉండగా తేడా 4 నిమిషాలైతే పట్టుకుంటారు. 20 కిలోమీటర్లు ఉండగా మూడున్నరైతే కష్టమే.

అయితే ఈ లెక్క పుట్టింది నిండుగా ఉన్న వృత్తి జట్ల రేసుల్లో. లాగేవాళ్లు నలుగురైదుగురే ఉన్నప్పుడు ఇది తప్పుతుంది. 2012 లండన్‌లో జరిగింది అదే. బ్రిటన్ తన ఐదుగురిలో విగ్గిన్స్, ఫ్రూమ్, మిల్లర్, స్టానార్డ్ నలుగురినీ తన స్ప్రింటర్ కావెండిష్ కోసం లాగించింది. బాక్స్ హిల్‌ను తొమ్మిదిసార్లు ఎక్కాలి. ముప్పైకి పైగా రైడర్లతో బలమైన ముందు గుంపు ఏర్పడింది. మిగతా దేశాల్లో చాలావాటికి ఆ గుంపులో తమవాళ్లు ఉన్నారు కాబట్టి వెనక సాయం చేయడానికి ఎవరికీ కారణం లేకపోయింది. నలుగురి కాళ్లు చాలలేదు, కావెండిష్ 29వ స్థానంతో సరిపెట్టుకున్నాడు. కాబట్టి లెక్క వేసేటప్పుడు దూరం, తేడాలతో పాటు మూడో సంఖ్య కూడా కావాలి. ముందు గుంపులో మనిషి లేని పెద్ద దేశాలు ఎన్ని? అవి మాత్రమే తరుముతాయి.

తెర మీద తేడా ఒక్కోసారి హఠాత్తుగా 20 సెకన్లు ఎగిరి పడుతుంది. ఉపగ్రహ సంకేతం ఎత్తైన భవనాల మధ్య, చెట్ల కింద తడబడుతుంది. అనుమానం వస్తే మీరే కొలవండి. ముందువాడు ఏదైనా బోర్డునో మలుపునో దాటగానే ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి, వెనకవాళ్లు అదే గుర్తును దాటాక ఆపండి. మోటార్‌సైకిల్ కెమెరా దూరం నుంచి జూమ్ చేసి చూపించే దృశ్యాన్ని మాత్రం నమ్మకండి. అందులో 300 మీటర్లు 50 మీటర్లలా కనిపిస్తాయి.

రేడియో లేని రేసు

వృత్తి రేసుల్లో రైడర్ చెవిలో మేనేజర్ మాట వినిపిస్తూ ఉంటుంది. ఒలింపిక్స్‌లో రేడియోలకు అనుమతి లేదు. మోటార్‌సైకిల్ మీద నుంచి చూపించే బోర్డు, జట్టు కారు దగ్గరకు వచ్చినప్పుడు వినే మాట, పక్కవాణ్ని అడగడం, అంతే. అంటే టీవీ ముందు కూర్చున్న మీకు రైడర్ల కంటే ఎక్కువ తెలుసు. వాళ్లెందుకు తరమడం లేదని విసుగు వచ్చినప్పుడు, ఆ క్షణంలో వాళ్లకేం తెలిసి ఉంటుందో ముందు ఆలోచించండి. టోక్యో మహిళల రేసులో ఆస్ట్రియాకు చెందిన అన్నా కీసెన్‌హోఫర్ మొదటి కిలోమీటర్ నుంచే ముందుండి ఒంటరిగా గెలిచింది. నిమిషానికి పైగా వెనక వచ్చిన నెదర్లాండ్స్ రైడర్ వాన్ వ్లూటెన్ తానే గెలిచాననుకుని చేతులు పైకెత్తింది. ముందు ఒకరు మిగిలి ఉన్నారన్న సంగతి ఆమెకు అందలేదు.

ఎవరు అలసిపోయారో గుర్తుపట్టడం

ముందువాడి చక్రం వెనకే నడిపితే చదును మీద సుమారు మూడో వంతు శక్తి మిగులుతుంది. అందుకే ఎవరు ముందు ఎంతసేపు ఉన్నారన్నది అంత ముఖ్యం. సరిగ్గా కలిసి పనిచేసే చిన్న గుంపులో ఒక్కొక్కరు కొద్ది సెకన్లు ముందుండి పక్కకు తప్పుకుంటారు. తప్పుకునేవాడు మోచేతిని అటూ ఇటూ ఆడిస్తాడు, అది తర్వాతివాణ్ని రమ్మని సైగ. ఆ సైగ చేసినా వెనకవాడు రాకపోతే ఆ గుంపులో పొత్తు చెడిందని అర్థం. వేగం పడిపోతుంది, అక్కడే ఎవరో ఒకరు దూకుతారు.

తిండి మీద కన్నేయండి. ఈ స్థాయి రైడర్లు గంటకు 90 గ్రాములు, కొందరు అంతకంటే ఎక్కువే పిండిపదార్థం జెల్స్, డ్రింకుల రూపంలో తీసుకుంటారు. నాలుగో గంటలో తినడం మానేసినవాడు ఆరో గంటలో పడిపోతాడు. సీసా అందుకోలేకపోవడం ఎండ రోజున చిన్న సంగతి కాదు. భుజాలు ఊగడం, చిన్న ఎక్కుడుకే సీటు మీద నుంచి లేవడం, గుంపు తోకకు జారడం కూడా అలసట గుర్తులే. గుంపు తోకలో ఉన్నవాడికి ప్రతి మలుపు తర్వాతా మళ్లీ పరుగు అందుకోవాల్సి వస్తుంది, అది కాళ్లను పిండేస్తుంది.

గాలి కోసం రోడ్డు పక్క జెండాలు చూడండి. పక్కగాలి వీస్తే రైడర్లు రోడ్డుకు అడ్డంగా ఏటవాలు వరుసలో సర్దుకుంటారు. రోడ్డు వెడల్పు అయిపోయాక మిగిలినవాళ్లకు గాలి చాటు ఉండదు. గుంపు అక్కడే ముక్కలవుతుంది.

చివరి 80 కిలోమీటర్లు

ఇక్కడ ప్రశ్న మార్చండి. ఇప్పుడు ఎవరికి లాగకుండా ఉండే హక్కు ఉంది? తన దేశపువాడు ముందుంటే వెనక ఉన్నవాడు ఊరికే కూర్చోవచ్చు. పారిస్‌లో ఎవెనెపోల్ ముందుకు వెళ్లాక, వెనకున్న వాన్ ఆర్ట్‌కు తరమాల్సిన పనే లేదు. అతని మీద కన్నేసిన డచ్ రైడర్ వాన్ డెర్ పోల్ కదిలితే వెంట వెళ్లడమే పని. ఇద్దరు బలమైనవాళ్లున్న జట్టు నలుగురు మామూలువాళ్లున్న జట్టు కంటే మేలని అనడానికి ఇదే కారణం. ముందు గుంపులో ఎవెనెపోల్‌తో చివరిదాకా నిలబడిన ఫ్రెంచ్ రైడర్ మదువాస్ కూడా తెగిపోయి రజతంతో ముగించాడు. కాంస్యం మరో ఫ్రెంచ్ రైడర్ లపోర్త్‌ది.

దిగుడును తేలిగ్గా తీసుకోకండి. 2016 రియోలో విస్తా చైనీసా దిగుడులో ముందున్న ఇటలీ రైడర్ నిబాలీ, కొలంబియా రైడర్ హెనావో ఇద్దరూ పడిపోయారు. ఒంటరిగా మిగిలిన పోలండ్ రైడర్ మాయ్కాను వాన్ ఆవర్మాట్, డెన్మార్క్ రైడర్ ఫుల్సాంగ్ ముగింపుకు కాస్త ముందు పట్టుకున్నారు, మాయ్కాకు కాంస్యమే దక్కింది. ఎక్కుడు చివర ఎవరు ముందున్నారో రాసుకున్నాక, దిగుడు అయ్యాక మళ్లీ లెక్క చూసుకోండి. రోజుకో దశగా సాగే పెద్ద స్టేజి రేసుల్లో చివరి కిలోమీటర్లలో పడినా సమయం పోకుండా కాపాడే నిబంధన ఉంటుంది. ఒక్కరోజు రేసులో అది లేదు. పడితే పతకం పోయినట్టే.

పంక్చర్ కూడా లెక్కే. డిస్క్ బ్రేకుల సైకిల్‌కు చక్రం మార్చడం కంటే కారు పైనున్న రెండో సైకిల్ అందుకోవడం త్వరగా అవుతుంది. కారు సరిగ్గా వెనకే ఉంటే కొద్ది సెకన్ల పని, లేకపోతే నిమిషం దాటుతుంది. పారిస్‌లో ముగింపుకు 4 కిలోమీటర్ల లోపు ఉండగా ఎవెనెపోల్ టైరు పోయింది. నిమిషం పైగా ఆధిక్యం, వెనకే కారు ఉండటంతో సైకిల్ మార్చుకుని కూడా 1 నిమిషం 11 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆధిక్యం 20 సెకన్లే అయి ఉంటే కథ వేరు.

ఇద్దరే మిగిలితే వెనకున్నవాడికి మేలు, ఎదుటివాడు కదలడం చూసి కదలొచ్చు. ముందున్నవాడు తల ఎటు తిప్పుతున్నాడో చూడండి. లండన్‌లో కొలంబియా రైడర్ ఉరాన్ ఒక వైపు వెనక్కి తిరిగి చూస్తుండగా కజకిస్థాన్ రైడర్ వినొకురోవ్ రెండో వైపు నుంచి దూకి స్వర్ణం పట్టుకుపోయాడు. గుంపు స్ప్రింట్ అయితే చివరి 200 నుంచి 250 మీటర్ల దగ్గర అసలు దూకుడు మొదలవుతుంది. ఎదురుగాలి ఉంటే ఆలస్యంగా, వెనకగాలి ఉంటే ఇంకా ముందు నుంచే.

రోడ్డు పక్కన నిలబడి చూసే అవకాశం దొరికితే ఎక్కుడు మీదే నిలబడండి, అదీ చుట్లు తిరిగే చోట. చదును మీద గుంపు కొద్ది సెకన్లలో మాయమవుతుంది. దిగుడు మలుపు బయటి అంచున మాత్రం ఎప్పుడూ నిలబడకండి, జారిన సైకిల్ అక్కడికే వస్తుంది. ఫోన్ పట్టుకున్న చేతిని రోడ్డు మీదకు చాచకండి.

ఫలితాల జాబితా వచ్చాక, గుంపును లాగినవాళ్ల పేర్లు మీ కాగితం మీద వెతకండి. వాళ్లలో చాలామంది ఎక్కడో కింద ఉంటారు, లేదా రేసు పూర్తి చేయనివాళ్ల వరుసలో ఉంటారు. ఆ పేర్ల పక్కన ఎన్ని కిలోమీటర్లు లాగారో రాసిపెట్టుకోండి. అదే రైడర్లు వచ్చే పెద్ద రేసులో ఎవరికోసం దిగుతారో చెప్పడానికి పనికొస్తుంది.