మాత్ర వేసుకోకముందే యూరిన్ కల్చర్ ఇవ్వండి

మాది మదనపల్లె. బెంగళూరు మారతహళ్లిలో ఒక ల్యాబ్‌లో మైక్రోబయాలజీ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. యూరిన్ కల్చర్ అంటే మూత్రంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి, అది ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష. పీజీల్లో ఉండే మన తెలుగు పిల్లలు యూరిన్ శాంపిల్ తెస్తే నేను ముందు అడిగే మాట, "ఏమైనా మాత్ర వేసుకున్నావామ్మా?" అనే. మూత్రంలో మంట అనగానే చాలామంది మందుల షాపులో అడిగి రెండు రోజులు యాంటీబయాటిక్ మింగి, మంట తగ్గలేదని అప్పుడొస్తారు. అలాంటి శాంపిల్‌లో క్రిమి పెరగకపోవచ్చు. 'నో గ్రోత్' అని రిపోర్ట్ వస్తుంది, ఇన్ఫెక్షన్ మాత్రం లోపలే ఉండిపోవచ్చు.

ఆ క్రిమి చేసే పని నేను రోజూ చూస్తాను కాబట్టే ఇంతగా చెబుతున్నాను. మూత్రంలో ఇన్ఫెక్షన్లు ఎక్కువగా ఈ.కొలై అనే బ్యాక్టీరియా వల్లే వస్తాయి. గొర్రె రక్తం కలిపిన ఎర్రటి ప్లేటు మీద శాంపిల్ గీసి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతాం. పొద్దున తీసి వెలుతురుకు ఎత్తి చూస్తే, క్రిమి పెరిగిన కొన్ని చుక్కల చుట్టూ ఎరుపంతా పోయి గుండ్రంగా తేటపడి ఉంటుంది. అక్కడి ఎర్రకణాలు పగిలిపోయాయన్నమాట. వాటిని పగలగొట్టేది క్రిమి వదిలే విషం, పేరు హీమోలైసిన్. కణం పొరకు చిల్లులు పెడుతుంది. క్రిమి మూత్రాశయం నుంచి పైకి పాకి, ఒంటిమీది నూగుతో కిడ్నీ గోడలకు అతుక్కుంటే అక్కడి కణాలకూ అదే గతి. క్రిమి పైపొరలోని ఎండోటాక్సిన్ అనే ఇంకో విషం రక్తంలో కలిస్తే చలిజ్వరం, ముదిరితే బీపీ పడిపోవడం. క్రిమిని చంపడానికి మన తెల్లకణాలు చేసే పోరులో కూడా కిడ్నీ దెబ్బతిని మచ్చ మిగలొచ్చు.

మా అమ్మకు షుగర్ ఉంది. ఇక్కడికొచ్చిన మర్నాడు కుడిపక్క పక్కటెముకల కింద వెనకవైపు నొప్పంటే, బస్సు ప్రయాణం వల్లేమో అనుకుని బామ్ రాశాను. రాత్రికి రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. ఆ నొప్పి కిడ్నీది. నడుము పైన ఒకపక్క నొప్పి, వణుకుతో జ్వరం, వాంతులు, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. శాంపిల్ అక్కడే తీసుకుంటారు. గర్భిణులైతే మంట ఒక్కటే ఉన్నా ఆగకూడదు. పెయిన్‌కిల్లర్ మీ అంతట మీరు వేసుకోవద్దు, కిడ్నీకి అదొక భారం.

శాంపిల్ ఇచ్చేటప్పుడు పొద్దున లేవగానే పోసేది మంచిది. చేతులు కడుక్కుని, ఆడవాళ్లు ముందునుంచి వెనక్కి మామూలు నీళ్లతో కడుక్కోవాలి. డెటాల్ లాంటివి వద్దు. ల్యాబ్‌లో ఇచ్చిన డబ్బా మూత అప్పుడే తీయండి, లోపల వేలు తగలనివ్వకండి. మొదటి ధార వదిలేసి, ఆపకుండా మధ్యలోది పట్టండి. సగం డబ్బా చాలు. రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరాలి. సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి రావాలంటే ఫ్రిజ్‌లో పెట్టి, ఐస్‌ప్యాక్‌తో తీసుకురండి. వెచ్చగా ఉంటే క్రిములు అరగంటలోపే రెట్టింపవుతాయి, లెక్క తప్పుతుంది.

శాంపిల్ ఇచ్చాక డాక్టర్ ఆ రోజే మందు మొదలుపెట్టొచ్చు. రెండు మూడు రోజులకు రిపోర్ట్ వస్తుంది. అందులో మందు పేరు ఎదురుగా ఎస్ ఉంటే క్రిమి దానికి లొంగుతుంది, ఆర్ ఉంటే లొంగదు. ఎస్ ఉన్నంత మాత్రాన మీరే కొనుక్కోకండి. నైట్రోఫ్యూరాంటోయిన్ మూత్రాశయంలో బాగా పనిచేస్తుంది గానీ కిడ్నీ కండలోకి సరిపడా చేరదు. అందుకే రిపోర్ట్ చూపించేటప్పుడు వెనకవైపు నొప్పి ఉందో లేదో డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.