మునగ గింజతో నీళ్ళు తేర్చే ముందు: చెన్నై వానలకు కొన్ని జాగ్రత్తలు

అక్టోబరు సగం దాటితే మనకు ఈశాన్య రుతుపవనాలు. వేళచ్చేరి, పళ్ళికరణై, ముడిచ్చూర్, పెరుంబాక్కం వైపు ఉండేవాళ్ళకు ఆ మాట వినగానే ఏం గుర్తొస్తుందో వేరే చెప్పనక్కరలేదు. 2015 డిసెంబరు చూశాం, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చూశాం. రెండుసార్లూ మా వీధిలో ముందు కరెంటు పోయింది, ఆ తరవాత వాటర్ క్యాన్ల బండి ఆగిపోయింది, చుట్టూ మోకాలి లోతు నీళ్ళుండగా తాగడానికి గుక్కెడు లేకుండా మేడమీద కూర్చున్నాం.

అలాంటి రోజుల్లోనే మన తెలుగు ఇళ్ళ మధ్య మునగ గింజ మాట మొదలవుతుంది. నాలుగు గింజలు దంచి బురదనీళ్ళలో కలిపితే గంటలో అద్దంలా తేరుకుంటాయని ఒకరు చెబుతారు, ఇంకొకరు ఫోన్లో వీడియో చూపిస్తారు. ఆ వీడియోలో కనిపించేది నిజమే, నేనూ చేసి చూశాను. ఆ తేటనీళ్ళను నేరుగా గ్లాసులో పోసుకుని తాగేయడమే నన్ను భయపెడుతుంది. మన అపార్టుమెంట్లలో ఈ అలవాటు పెరుగుతోంది కాబట్టి వానలకు ముందే రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లా. వానలు పడ్డాక చెరువునీళ్ళు ఎర్రగా వచ్చేవి. మా అమ్మ కుండ లోపలి గోడకు చిల్లగింజ గరగరా రుద్ది, ఆ మీద నీళ్ళు పోసేది. తెల్లారేసరికి మడ్డంతా అడుక్కి దిగి పైన తేట నిలిచేది. చిల్లగింజనే కొన్నిచోట్ల ఇండుపగింజ అంటారు, సంస్కృతంలో కతకం, ఇక్కడి తమిళులు తేత్తాన్ కొట్టై అంటారు. ఆ చెరువులో కలిసింది చాలావరకు మట్టి. ఇక్కడ వరదొస్తే మన సంపులో కలిసేది డ్రైనేజీ నీళ్ళు. అమ్మ చేసిన పనే ఇక్కడా చేసి అదే ఫలితం ఆశించకూడదు.

గింజ ఏం చేస్తుందో తెలిస్తే ఏం చేయలేదో కూడా తెలుస్తుంది. బురదనీళ్ళలో సన్నటి మట్టిరేణువుల మీద ఋణావేశం ఉంటుంది. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి, అందుకే రోజంతా ఉంచినా అడుక్కి దిగవు. మునగ గింజ పప్పులో నీళ్ళలో కరిగే ప్రోటీన్ ఒకటుంది, దానిది ధనావేశం. అది రేణువులను పట్టుకుని ముద్దలు కట్టిస్తుంది, ముద్దలు బరువెక్కి దిగిపోతాయి. పటిక చేసేదీ ఇలాంటి పనే. పటికకు నీటి ఆమ్లక్షార గుణం కాస్త మారుతుంది, మునగకు దాదాపు మారదు. మడ్డి కూడా తక్కువ వస్తుంది.

ముద్దలతో పాటు సూక్ష్మజీవులు కూడా దిగుతాయి. బాగా చేస్తే నూటికి 90 నుంచి 99 వంతుల బాక్టీరియా తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. వినడానికి చాలా పెద్ద మాట. కానీ కోటి బాక్టీరియా ఉన్న నీళ్ళలో 99 శాతం పోతే ఇంకా లక్ష మిగులుతాయి. పోయినవి కూడా చచ్చిపోవు, అడుగున మడ్డిలో కూర్చుంటాయి. బిందె కదిపితే మళ్ళీ పైకి వస్తాయి. కలరా, టైఫాయిడ్, కామెర్లు తెచ్చేవి మన కంటికి కనపడేవి కావు, కాబట్టి నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

కండలేరు నుంచి కాలువలో పూండి జలాశయానికి వచ్చిన కృష్ణ నీళ్ళైనా, వీరాణం చెరువు నుంచి గొట్టంలో వచ్చిన నీళ్ళైనా శుద్ధికేంద్రంలో ముందు మడ్డి దింపుతారు, తరవాత ఇసుకపొరల్లో వడకడతారు, చివర క్లోరిన్ కలుపుతారు. మునగ గింజ ఈ మూడింట్లో మొదటి పని ఒక్కటే చేస్తుంది. మిగిలిన రెండూ మీరే చేయాలి.

ఏ నీళ్ళకు పనికిరాదో కూడా ముందే తెలుసుకోండి. ఉప్పునీటికి గింజ మందు కాదు, తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ వైపు బోరు ఉప్పగా ఉంటే ఎన్ని గింజలు వేసినా ఉప్పగానే ఉంటుంది. నైట్రేట్లు, పురుగుమందులు కలిసిన నీళ్ళ జోలికీ, పెట్రోలు, కిరోసిన్ వాసన ఉన్న నీళ్ళ జోలికీ అసలు పోవద్దు. 2023 డిసెంబరు వరదలో ఎన్నూరు క్రీక్ పక్కన ఇళ్ళలోకి చమురు తెట్టు చేరింది. అలాంటి నీళ్ళు తేరినా విషం విషమే. మరుగుదొడ్డి నీళ్ళు కలిశాయని తెలిసిన సంపు నీళ్ళను తాగడానికి తేర్చాలని చూడకండి, తోడి పారబోయండి. ఈ పద్ధతి దాచిపెట్టుకున్న వాననీళ్ళకూ, మట్టిరంగుతో వచ్చిన లారీ నీళ్ళకూ, ఇంకే దారీ లేనప్పుడు బావినీళ్ళకూ మాత్రమే.

గింజ కొనేటప్పుడే సగం ప్రమాదాలు ఆపవచ్చు. విత్తనాల కొట్లో నాటడానికి అమ్మే మునగ విత్తనాల ప్యాకెట్లు కొనకండి. వాటికి శిలీంధ్రనాశిని మందు పట్టించి ఉండొచ్చు, చాలాసార్లు ఎర్రరంగో నీలంరంగో పూసి ఉంటారు. రంగు కడిగేసినంత మాత్రాన మందు పోదు. చెట్టు మీదే ఎండి గోధుమరంగుకు తిరిగిన కాయల్లోంచి తీసిన గింజలే కావాలి. కూరకు కొనే పచ్చి మునక్కాయలోని లేత గింజలు ఈ పనికి రావు. బూజు పట్టినవి, నల్లబడినవి ఏరి పారేయండి. చెట్టులో గింజ తప్ప వేరు, బెరడు లాంటివి నీళ్ళలో వేయకండి.

చిల్లగింజ విషయంలో ఇంకా పెద్ద జాగ్రత్త ఒకటుంది, ఇది రెండుసార్లు చదవండి. చిల్లగింజకూ ముష్టిగింజకూ బంధుత్వం ఉంది, రెండూ ఒకే జాతి చెట్లు. ముష్టిగింజలో స్ట్రిక్నిన్ అనే ప్రాణం తీసే విషం ఉంటుంది. తమిళంలో దాన్ని ఎట్టి కొట్టై అంటారు. ఇక్కడి నాట్టు మరుందు కడైల్లో, అంటే నాటుమందుల కొట్లలో, ఈ రెండూ దొరుకుతాయి. చిల్లగింజ చిన్నది, గుండ్రంగా, పప్పు బిళ్ళలా, సెంటీమీటరుకు కాస్త అటూఇటూ ఉంటుంది. ముష్టిగింజ చొక్కా బొత్తాంలా చదునుగా, రెండు సెంటీమీటర్ల పైన వెడల్పుతో, బూడిదరంగులో, పట్టులాంటి సన్నటి నూగుతో మెరుస్తుంది. పొడి చేసి అమ్మేది ఎప్పుడూ కొనకండి, పొడిలో ఏది ఉందో ఎవరూ చెప్పలేరు. గుర్తుపట్టడంలో రవ్వంత అనుమానం ఉన్నా చిల్లగింజ మానేసి మునగ గింజతోనే పని కానివ్వండి. మునక్కాయను గుర్తుపట్టలేని తెలుగువాళ్ళు ఉండరు కదా.

ఇక మోతాదు. నీళ్ళు ఎంత మురికిగా ఉన్నాయో తెలుసుకోవడానికి సీసా పద్ధతి ఉంది. పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు నింపి, పేపరులో పెద్ద శీర్షిక మీద నిలబెట్టి పైనుంచి చూడండి. అక్షరాలు చదవలేకపోతే మురికి సుమారు 30 ఎన్‌టీయూ (నీళ్ళ మసకను కొలిచే కొలత) దాటినట్టు. మన భారతీయ తాగునీటి ప్రమాణంలో ఇది 1 ఎన్‌టీయూ లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 5 దాకా ఒప్పుకుంటారు. వాడుకలో ఉన్న లెక్క ఇలా ఉంది: 50 ఎన్‌టీయూ లోపు నీళ్ళకు నాలుగు లీటర్లకు ఒక గింజ, 50 నుంచి 150 దాకా రెండు లీటర్లకు ఒకటి, 150 నుంచి 250 దాకా లీటరుకు ఒకటి, అంతకు మించి బురదగా ఉంటే లీటరుకు రెండు.

ఈ లెక్కను గుడ్డిగా పాటించకండి. ఒక్కో చెట్టు గింజ ఒక్కోలా ఉంటుంది. ఒకేలాంటి నాలుగైదు లీటరు సీసాలు తీసుకుని, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు వేసి, గంట తరవాత పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కువ వేస్తే ఇంకా బాగా తేరుతుందనుకోవడం పొరపాటు. మోతాదు మించితే రేణువుల మీద ధనావేశం ఎక్కువై మళ్ళీ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, తేరిన నీళ్ళు తిరిగి మసకబారతాయి. కొంచెమే మసకగా ఉన్న నీళ్ళలో గింజ సరిగ్గా పనిచేయదు కూడా. అలాంటివాటికి మంచి నూలుబట్ట నాలుగు మడతలు వేసి వడకట్టి కాచుకుంటే చాలు.

చేసే తీరు చెబుతాను. పైపెచ్చు, రెక్కలు తీసేసి లోపలి తెల్లటి పప్పును శుభ్రమైన రోట్లోనో మిక్సీలోనో మెత్తగా చేయండి. ఏ రోజుకారోజే చేసుకోవాలి, పొడి నిలవుంటే బలం తగ్గుతుంది. గింజలు పైపెచ్చుతో పొడిగా ఉంటే చాలాకాలం నిలుస్తాయి. ఆ పొడిని ఒక గ్లాసు మంచినీళ్ళలో వేసి ఐదు నిమిషాలు గిలక్కొట్టి, పలుచటి బట్టలో వడకట్టి, ఆ పాలలాంటి నీళ్ళను మాత్రమే బిందెలో పోయాలి. పిప్పి బిందెలో పడకూడదు. ఒక నిమిషం గబగబా తిప్పండి, తరవాత ఐదు పది నిమిషాలు చాలా నెమ్మదిగా తిప్పండి. ఈ నెమ్మదితనం దగ్గరే చాలామంది తప్పు చేస్తారు, జోరుగా తిప్పితే కట్టిన ముద్దలు విరిగిపోతాయి. మూతపెట్టి గంటైనా కదపకుండా ఉంచి, పై తేటను మగ్గుతో మెల్లగా తీసి, బట్టలో వడకట్టండి. బిందె వంపకండి.

అప్పుడు కాచాలి. సలసలా మరగడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం. గ్యాసు లేకపోతే క్లోరిన్ బిళ్ళ వేయండి, ప్యాకెట్టు మీద ఎన్ని లీటర్లకో రాసి ఉంటుంది. అరగంట ఆగాక తాగండి. మునగ నీళ్ళలో సేంద్రియ పదార్థం మిగులుతుంది, అది క్లోరిన్‌ను కొంత తినేస్తుంది. అరగంట తరవాత సన్నటి క్లోరిన్ వాసన కూడా లేకపోతే మోతాదు సరిపోలేదని అనుకోండి.

ఆ సేంద్రియ పదార్థమే ఇంకో చిక్కు తెస్తుంది. 2023లో నేను రెండు బిందెలు తేర్చి, ఒకటి కాచి వాడుకుని, రెండోది అలాగే మూతపెట్టి ఉంచాను. మూడో రోజు మూత తీస్తే కుళ్ళిన వాసన. గింజ ప్రోటీన్ మిగిలిన బాక్టీరియాకు ఆహారమైంది. తేర్చిన నీళ్ళు 24 గంటలకు మించి ఉంచకండి, ఏ రోజుకు కావలసినవి ఆ రోజే చేసుకోండి. పసిపిల్లల పాలు కలపడానికి ఈ నీళ్ళు వాడొద్దు, సీలు తీయని క్యాన్ నీళ్ళు వాళ్ళకోసం విడిగా దాచండి. ఇంట్లో ఆర్‌ఓ ఉందని ఈ నీళ్ళు అందులో పోయకండి, మిగిలిన ప్రోటీన్, నూనె పొరకు పట్టుకుంటాయి.

సంపులోనూ పై ట్యాంకులోనూ గింజ పొడి వేయాలని అసోసియేషన్ మీటింగుల్లో ఎవరో ఒకరు అంటారు. గట్టిగా వద్దని చెప్పండి. పదివేల లీటర్లలో మడ్డి దిగితే దాన్ని ఎవరు తీస్తారు? అక్కడే కుళ్ళి, మోటారు వేసిన ప్రతిసారీ పైకొస్తుంది. వరదనీళ్ళు దిగిన సంపును పూర్తిగా తోడించి, కడిగించి, కొత్త నీళ్ళు నింపాక బ్లీచింగ్ పొడి వేయాలి. తాజా పొడిలో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది, ఆ లెక్కన వెయ్యి లీటర్లకు 6 గ్రాములు వేస్తే లీటరుకు 2 మిల్లీగ్రాములవుతుంది. విడిగా బకెట్లో కలిపి, తేటను మాత్రమే పోయండి. యాసిడ్‌తోగానీ బాత్రూం క్లీనర్‌తోగానీ కలిపితే విషవాయువు పుడుతుంది. మూతపడి ఉన్న సంపులోకి మనిషిని దింపకండి, వాచ్‌మన్‌నైనా, పనిమనిషినైనా. లోపల గాలి లేక ప్రాణాలు పోతాయి. పంపు పెట్టి తోడే బండిని పిలవండి.

అపార్టుమెంటు ఎస్టీపీ, అంటే మురుగునీటి శుద్ధికేంద్రం గురించి క్లుప్తంగా. మురుగునీటికి చెట్ల నుంచి తీసిన మందులు నిజంగానే పనికొస్తాయి, తుమ్మజాతి చెట్ల బెరడు టానిన్‌తో చేసినవి ఇప్పటికే వ్యాపారంగా అమ్ముతున్నారు. చింతగింజల పొడి, బెండ జిగురు మీదా ప్రయోగాలు జరిగాయి. అయితే మునగ పొడిని నేరుగా చల్లితే మురుగులో సేంద్రియ భారం పెరిగి సీఓడీ (ఆ భారాన్ని చూపే కొలత) తగ్గడానికి బదులు ఎక్కే ప్రమాదం ఉంది. బట్టలుతికిన సబ్బునీళ్ళు ఎక్కువగా వచ్చే చోట ఆ సబ్బు మునగ గింజ ప్రోటీన్‌ను పట్టేసుకుంటుంది, మోతాదు లెక్క తప్పుతుంది. ఎవరైనా అమ్మడానికి వస్తే మీ మురుగునీటి మీదే సీసా పరీక్ష చేయించమని, ముందూ తరవాతా సీఓడీ రిపోర్టు ఇవ్వమని అడగండి. ఈ మడ్డి పటిక మడ్డిలా నెలలు ఆగదు, తొందరగా కుళ్ళుతుంది. వానల్లో ఆరబెట్టే చోటు లేకపోతే డిసెంబరు దాటేదాకా కొత్త మందు మొదలుపెట్టకండి.

ఈ నెలలోనే ఒక డబ్బా సర్దుకోండి. అరకిలో ఎండు మునగ గింజలు పైపెచ్చుతో, గాలిదూరని సీసాలో, ఏ చెట్టువో ఎప్పుడు కోశారో చీటీ అంటించి. తేదీ చూసి కొన్న క్లోరిన్ బిళ్ళలు. రెండు తెల్లటి నూలుబట్టలు, వడకట్టడానికి తప్ప ఇంకెందుకూ వాడనివి. మూతున్న రెండు బిందెలు, పొడవాటి పిడి మగ్గు, సీలున్న నాలుగు క్యాన్లు. ఒక పాత న్యూస్‌పేపరు కూడా అందులోనే పెట్టండి, తడవకుండా కవరులో.