బ్లాగ్ కోడ్‌కి పుల్ రిక్వెస్ట్ పంపేటప్పుడు వచ్చే తిప్పలు

పుల్ రిక్వెస్ట్ అంటే మీ మార్పులను అసలు కోడ్‌లో కలుపుకోమని అడగడం. అందుకు వాడేది గిట్, కోడ్‌లో మార్పులను గుర్తుపెట్టుకునే టూల్. ఏ సమస్య వచ్చినా ముందు గిట్ స్టేటస్ (ఏ ఫైళ్లు మారాయో చెబుతుంది) కొట్టండి, తర్వాత గిట్ డిఫ్ (ఏ లైన్లు మారాయో చూపిస్తుంది) చూడండి. ఈ రెండూ చూడకుండానే "పనిచేయట్లేదు" అని ఇష్యూ తెరిచేవాళ్లకు జవాబిచ్చి ఇచ్చి విసుగొచ్చింది.

పుష్ చేస్తే (మార్పులు సర్వర్‌కి పంపితే) 403, అంటే అనుమతి లేదని వస్తోంది

గిట్ రిమోట్ -వి కొట్టండి. ఆరిజిన్ (మీ పుష్ వెళ్లే చోటు) ఎదురుగా మీ ఫోర్క్ (మీ ఖాతాలోని కాపీ) కాకుండా అసలు రిపో (కోడ్ ఉండే చోటు) అడ్రసు కనిపిస్తే సంగతి అదే. మళ్లీ క్లోన్ చేయక్కర్లేదు. గిట్ రిమోట్ సెట్-యూఆర్‌ఎల్‌తో ఆరిజిన్‌ని ఫోర్క్ వైపు తిప్పి, అసలు రిపోని అప్‌స్ట్రీమ్ పేరుతో కలుపుకోండి. అడ్రసు సరిగ్గా ఉండి పాస్‌వర్డ్ దగ్గర ఆగిందా? గిట్‌హబ్ 2021 ఆగస్టు నుంచి పుష్‌కి మామూలు పాస్‌వర్డ్ ఒప్పుకోవట్లేదు. పాస్‌వర్డ్ బదులు గిట్‌హబ్‌లో తయారుచేసుకునే టోకెన్ గానీ, మీ కంప్యూటర్‌లో ఉండే ఎస్‌ఎస్‌హెచ్ కీ గానీ వాడాలి.

సైట్ రన్ అవుతోంది, పేజీ మాత్రం ఖాళీ

హ్యూగో (బ్లాగ్ పేజీలు తయారుచేసే టూల్) బ్లాగైతే థీమ్స్ ఫోల్డర్ లోపల చూడండి. అందులో ఏమీ లేకపోతే థీమ్‌ని సబ్‌మాడ్యూల్‌గా (లోపల లింకుగా కలిపిన వేరే రిపోగా) పెట్టారన్నమాట. గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ --ఇనిట్ --రికర్సివ్ కొడితే వచ్చేస్తుంది. జిప్ దించుకున్నవాళ్లకు ఇదీ పనిచేయదు, క్లోన్ చేసుకోవాల్సిందే. పేజీలన్నీ ఉండి మీ పోస్ట్ ఒక్కటే రాకపోతే, డ్రాఫ్ట్ అని ఉందేమో, తేదీ రేపటిదేమో చూడండి.

ఒక్క పదం దిద్దితే ఫైలంతా మారినట్టు చూపిస్తోంది

అసలు తలనొప్పి ఇది. స్క్రీన్ మీద రెండు వెర్షన్లూ అచ్చం ఒకేలా ఉంటాయి, డిఫ్‌లో మాత్రం పైనుంచి కిందదాకా ఎరుపూ ఆకుపచ్చా. కారణం కంటికి కనబడదు: లైన్ ముగింపు. లినక్స్‌లో అది ఎల్‌ఎఫ్ అనే ఒక్క బైటు, విండోస్‌లో సీఆర్, ఎల్‌ఎఫ్ కలిపి రెండు.

ఎక్కువగా జరిగేది ఇలా. విండోస్ గిట్‌తో క్లోన్ చేస్తారు, ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ (లైన్ ముగింపులను తనే మార్చే సెట్టింగ్) ఆన్‌లో ఉండటంతో ఫైళ్లన్నీ సీఆర్‌ఎల్‌ఎఫ్‌గా దిగుతాయి. తర్వాత అదే ఫోల్డర్‌ని డబ్ల్యూఎస్‌ఎల్‌లో (విండోస్ లోపలే నడిచే లినక్స్‌లో) తెరుస్తారు. అక్కడి గిట్‌కి ఆ సెట్టింగ్ లేదు కాబట్టి, మీరు ముట్టుకోని ఫైళ్లు కూడా మారాయంటుంది. గిట్ యాడ్ చుక్క (మారిన ఫైళ్లన్నీ చేర్చు అని) కొట్టారా, అన్నీ కమిట్‌లోకి ఎక్కేస్తాయి. రివ్యూ చేసేవాళ్లకు మీరు దిద్దిన పదం దొరకదు, ఏ లైను ఎవరు రాశారో చూపే గిట్ బ్లేమ్‌లో ప్రతి లైనూ మీ పేరు మీద పడుతుంది, ఆ ఫైల్ మీద పనిచేస్తున్న మిగతావాళ్లందరికీ కాన్‌ఫ్లిక్టులు (గిట్ తనంతట తాను కలపలేని మార్పులు).

ఖాయం చేసుకోవడానికి గిట్ డిఫ్ --ఇగ్నోర్-స్పేస్-ఎట్-ఈఓఎల్ కొట్టండి. మీరు మార్చిన లైను ఒక్కటే మిగిలితే దొంగ దొరికినట్టే. అప్పటికీ డిఫ్ పొడుగ్గానే ఉంటే, ఎడిటర్‌లో సేవ్ చేయగానే ఫార్మాట్ చేసే ఆప్షన్ ఆపండి.

డబ్ల్యూఎస్‌ఎల్ గిట్‌లో కోర్.ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్‌ని ఇన్‌పుట్‌గా పెట్టి, మీ ఫైల్‌ని యాడ్ చేయండి. సీఆర్‌ఎల్‌ఎఫ్‌తో ఇప్పటికే యాడ్ గానీ కమిట్ గానీ అయిపోతే మామూలు యాడ్ చాలదు. గిట్ యాడ్ --రీనార్మలైజ్ చుక్క కొట్టి, కమిట్ అయ్యుంటే దాన్ని అమెండ్ చేసి (అదే కమిట్‌ని దిద్ది), మీ బ్రాంచ్‌కి --ఫోర్స్-విత్-లీజ్‌తో (వేరేవాళ్ల మార్పులు ఉంటే ఆగిపోయే బలవంతపు పుష్‌తో) పుష్ చేయండి. రిపోలో గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైల్ (అందరికీ ఒకే లైన్ ముగింపు ఖాయం చేసేది) లేకపోతే పెట్టమని అడగొచ్చు, కానీ దాన్ని ఇదే పుల్ రిక్వెస్ట్‌లో దూర్చకండి.

మిగతావి

పాత జెకిల్ (హ్యూగో లాంటిదే, రూబీ భాషలో రాసింది) బ్లాగ్ వెబ్‌రిక్ (రూబీలోని చిన్న వెబ్ సర్వర్) లేదని ఆగితే బండిల్ యాడ్ వెబ్‌రిక్ చాలు, రూబీ 3.0 నుంచి అది విడిగా వేసుకోవాలి. పోర్ట్ 4000 ఖాళీగా లేదంటే, వేరే టెర్మినల్‌లో మీరే వదిలేసిన సర్వర్ ఇంకా నడుస్తూ ఉంటుంది.