అసూయ కథను తేల్చకుండా ముగించడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల కొత్తగా కథలు రాసేవారి రాతప్రతులను నేను చాలా ఏళ్లుగా చదివి దిద్దుతున్నాను. అసూయను వస్తువుగా తీసుకున్న కథలు తరచుగా చివరి పేరాలోనే చెడుతున్నాయి. ముగింపును తేల్చకపోవడమంటే రాయడం మధ్యలో ఆపేయడమేనని చాలామంది అనుకుంటున్నారు.

కావలసినవి కొద్దే: గీతల నోటుపుస్తకం, ముగ్గురికి మించని పాత్రలు, పది రోజులకు మించని కథాకాలం. కథను ప్రథమ పురుషలోనే, అంటే ‘ఆమె’, ‘అతడు’ అంటూనే చెప్పాలి. ‘నేను’ అని చెప్పే మనిషి తన మనసును దాచుకుంటే పాఠకుడు మోసపోయినట్టు బాధపడతాడు.

మొదట అసూయకు కారణం ఎంచుకోండి. అది చిన్నదై ఉండాలి. ఈర్ష్య అంటే ఓర్వలేకపోవడమనీ, అసూయ అంటే గుణంలో సైతం దోషాన్ని ఆరోపించడమనీ అమరకోశం విడదీసింది. కథకు పనికివచ్చేది రెండోది. నేను అభ్యాసానికి ఇచ్చే కథలో గుణుపురంలో ఇద్దరు తోడికోడళ్లు ఉంటారు. అత్తగారు పెద్దకోడలు ఇచ్చిన కాఫీని సగం తాగి పక్కన పెడుతుంది, చిన్నకోడలు ఇచ్చినదాన్ని అడుగంటా తాగుతుంది. చిన్నామె ఓర్పు పెద్దామెకు నటనగా కనిపిస్తుంది. అసూయ అన్న మాట మాత్రం కథలో ఒక్కసారి కూడా రాకూడదు.

తరువాత ఉత్కంఠ. ఒకరికి తెలిసి మరొకరికి తెలియని విషయం ఒక్కటి చాలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యాక ఇటువైపు ఉండిపోయిన తెలుగు ఇళ్లలో ఒడియా చదవగలిగినవారు, చదవలేనివారు ఒకే కప్పు కింద కనిపిస్తారు. చిన్నకోడలు శ్రీకాకుళం వైపు పిల్ల. పుట్టింటివారు కొనిచ్చిన అరెకరం గురించి తహసీల్దారు కార్యాలయం నుంచి ఒడియాలో నోటీసు వస్తుంది. తారీఖు కూడా ఒడియా అంకెల్లోనే ఉంటుంది. “అక్కా, ఏ రోజు రమ్మన్నారు?” అని ఆమె అడుగుతుంది. “పదహారున,” అంటుంది పెద్దామె.

తప్పించుకునే దారులను ముందే మూసేయాలి. కథను 1980లలో పెట్టాను, లేకపోతే సూరత్‌లో మరమగ్గాల పనిలో ఉన్న భర్తకు చిన్నామె ఆ కాగితాన్ని ఫోటో తీసి పంపేస్తుంది. ఆమె ఇరుగుపొరుగును అడగకపోవడానికి అక్క మీది నమ్మకమే కారణం కావాలి. ఆ భూమి పోయినా పెద్దామెకు సెంటు కూడా దక్కదని స్పష్టంగా చెప్పాలి, లేకపోతే కథ దురాశ మీదికి జారుతుంది.

ఇప్పుడు ముగింపు. ఇక్కడ తొందరపడకండి.

అమెరికన్ రచయిత ఫ్రాంక్ స్టాక్టన్ 1882లో ప్రచురించిన ప్రసిద్ధ కథలో క్రీడారంగానికి రెండు తలుపులుంటాయి. రాకుమారిని ప్రేమించిన నేరానికి ఆమె ప్రియుడు వాటిలో ఒకటి తెరవాలి. ఒకదాని వెనుక పులి, మరొకదాని వెనుక అతడు వెంటనే పెళ్లాడవలసిన యువతి ఉంటారు. ఆ యువతి అంటే గిట్టని రాకుమారికి రహస్యం తెలుసు. ఆమె కుడివైపు సైగ చేస్తుంది, అతడు ఆ తలుపే తెరుస్తాడు, కథ ఆగుతుంది. అంతకు ముందు రచయిత ఆమె పులిని తలచుకుని వణికిన ఘడియలనూ, ఆ పెళ్లిని తలచుకుని రగిలిన ఘడియలనూ పక్కపక్కనే చూపించాడు. సైగ పూర్తయింది, తలుపు తెరుచుకుంది. తెరుచుకోనిది ఆమె మనసు ఒక్కటే.

మన కథలోనూ అంతే జరగాలి. చిన్నామెకు జ్వరం వచ్చినప్పుడు పెద్దామె మూడు రాత్రులు మేలుకుని తడిగుడ్డ వేసిన సన్నివేశానికి ఎంత చోటిస్తారో, ఆమె బరంపురం పట్టుచీర మడతపెడుతూ అంచును గోటితో గీకిన సన్నివేశానికీ అంతే ఇవ్వండి. పదహారున తెల్లవారుజామున పెద్దామె తోటికోడలికి చద్దిమూట కట్టి ఇవ్వాలి, బస్సు కదలాలి. నోటీసులోని తారీఖును పాఠకుడికి చూపకూడదు. చివరి వాక్యం ప్రశ్నగా, చుక్కలుగా ఉండకూడదు. ఆఖరి పేరాలో మలుపు తిప్పే పద్ధతిని నేను ఒప్పుకోను, ఎందుకంటే అది అంతవరకూ కట్టిన పాత్రను అబద్ధం చేస్తుంది. అసలు తారీఖును మీరూ నిర్ణయించుకోకండి. తెలిస్తే కలం ఒకవైపు వాలుతుంది.

ప్రతిని ఇద్దరికి విడివిడిగా ఇచ్చి, పెద్దామె నిజం చెప్పిందా అని అడగండి. ఇద్దరూ ఒకే జవాబు చెబితే చివరి పుటను ముట్టుకోకుండా జ్వరం సన్నివేశాన్నీ, చీర సన్నివేశాన్నీ తిరగరాయండి.