లెడ్ విరిగినా, ఇంకు కక్కినా పెన్సిల్, పెన్ను పారేయకండి: సమస్యలు, పరిష్కారాలు

ఇంజినీరింగ్ ఫస్టియర్, పాలిటెక్నిక్ క్లాసులు మొదలయ్యాయంటే బెజవాడ బీసెంట్ రోడ్డు నుంచి గుంటూరు అరండల్‌పేట దాకా స్టేషనరీ షాపుల్లో మినీ డ్రాఫ్టర్ (షీటు మీద గీతలు గీసే సాధనం), షీట్లు, మెకానికల్ పెన్సిల్ కొనే పిల్లలే కనిపిస్తారు, కొన్నాళ్ళు పోయాక వాళ్ళే వచ్చి పెన్సిల్ పాడైంది ఇంకోటి ఇవ్వండి అంటారు. ఇంకు పెన్నుల సంగతీ అంతే, ముచ్చటపడి కొంటారు, రెండుసార్లు మొరాయించగానే సొరుగులో పడేస్తారు. నిజానికి వాటిలో చాలావరకు పాడవ్వలేదు. లెడ్ సరైంది కాదు, లేదా కాగితం సరైంది కాదు, లేదా లోపల ఇంకు ఎండిపోయింది, అంతే. అందుకే ఏ తేడా వచ్చినా ముందు ఖర్చులేని పనులు చెయ్యండి: లెడ్ మార్చి చూడండి, కాగితం మార్చి చూడండి, నీళ్ళతో కడిగి చూడండి. పాళీని వంచడం, క్లచ్ (పెన్సిల్ లోపల లెడ్డుని పట్టుకునే పళ్ళు) విప్పడం ఆఖర్న. ఒకసారికి ఒక్కటే మార్చండి, అన్నీ కలిపి మారిస్తే దేనివల్ల బాగైందో తెలీదు.

లెడ్ మాటిమాటికీ విరిగిపోతోంది

అందరికీ వచ్చే సమస్య ఇదే. ముందు లెడ్ ఎంత బయటికి తీస్తున్నారో చూసుకోండి. నాలుగైదుసార్లు నొక్కి పొడుగ్గా తీసి రాస్తే ఏ కంపెనీ లెడ్ అయినా విరుగుద్ది, ఒక మిల్లీమీటరు లోపే ఉండాలి, అరిగేకొద్దీ ఒక్కో క్లిక్కు. అది సరిచేసినా విరుగుతుంటే సైజు, గ్రేడు చూడండి. 0.3 మిల్లీమీటర్ల సైజులో 2బీ లాంటి మెత్తని లెడ్ వేసి గట్టిగా ఒత్తితే నిలబడదు, చెయ్యి బరువుగా పడేవాళ్ళు 0.5కో 0.7కో మారడం మంచిది.

పెన్సిల్ ఈమధ్య కింద పడిందా? అయితే లోపలున్న లెడ్డు ముక్కలైపోయి ఉంటది, బయటికొచ్చే ప్రతిదీ చిన్న ముక్కే, అందుకే ఎన్నిసార్లు నొక్కినా విరిగినట్టే అనిపిస్తది. ముక్కలన్నీ దులిపేసి కొత్తది వెయ్యండి. చాలామంది డబ్బాలో లెడ్లన్నీ ఒకేసారి లోపల కూరేస్తారు, అవి ఒకదానికొకటి అడ్డంపడి లోపలే విరుగుతాయి, రెండు మూడు చాలు.

షీటు మీద పనికైతే సన్నగా వేసే గీతలకి గట్టి లెడ్ 2హెచ్, అవుట్‌లైన్లకి, అక్షరాలకి హెచ్ లేదా హెచ్‌బీ. ఒకే పెన్సిల్‌లో లెడ్లు మార్చుకుంటూ కూర్చునే బదులు రెండు పెన్సిళ్ళు పెట్టుకోండి, పని ఎంత తేలికవుద్దో మీకే తెలుస్తది.

రాస్తుంటే లెడ్ లోపలికి వెళ్ళిపోతోంది

మొదటి అనుమానం: 0.7 పెన్సిల్‌లో 0.5 లెడ్ వేశారేమో. ఇంట్లో రెండు మూడు డబ్బాలు ఉన్నచోట ఇది మామూలే. 0.5 లెడ్డుని 0.7 క్లచ్ పట్టుకోలేదు.

రెండోది, లెడ్ అయిపోవచ్చింది. చివరి సెంటీమీటరు ముక్క క్లచ్ పళ్ళు దాటి ముందుకొచ్చేసి ఉంటది, దాన్ని పట్టుకునేది ఏమీ ఉండదు కాబట్టి వెనక్కి జారుద్ది. చేత్తో లాగేసి మళ్ళీ నొక్కండి. కొంతమంది ఈ చివరి ముక్క కోసం పెన్సిల్‌తో యుద్ధం చేస్తారు, అవసరంలేదు, అది పోనివ్వాల్సిందే.

ఈ రెండూ కాకపోతే క్లచ్ పళ్ళలో లెడ్ పొడి పేరుకుంది. ముందున్న కోన్ విప్పి, వెనక బటన్ నొక్కి పట్టుకుంటే పళ్ళు విచ్చుకుంటాయి, పొడి ఊదేసి మెత్తటి బ్రష్షుతో దులపండి. నూనె మాత్రం వెయ్యకండి, వేస్తే పట్టే పోద్ది. కోన్ విప్పినప్పుడు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, దాని లోపల రబ్బరుదో ప్లాస్టిక్‌దో బుల్లి ముక్క ఉంటది, పళ్ళు వెనక్కి వెళ్ళేటప్పుడు లెడ్డుని ఆపి ఉంచేది అదే. అది జారి పడిపోతే నొక్కినంతసేపూ లెడ్ ముందుకొచ్చి, వదలగానే వెనక్కిపోద్ది. అందుకే టేబుల్ మీద తెల్లగుడ్డ పరుచుకుని విప్పండి.

నొక్కుతున్నా లెడ్ రావట్లేదు

ముందు లెడ్ ఉందో లేదో చూడండి. ఉంటే మొనలో ముక్క ఇరుక్కుంది. కొన్ని పెన్సిళ్ళకి రబ్బరు ముక్క పీకితే దానికింద సన్నని తీగ ఉంటది (పెంటెల్ పీ205కి ఉంటది), బటన్ నొక్కి పట్టుకుని ఆ తీగని మొన వైపు నుంచి దూర్చండి. గుండుసూది దూర్చకండి, మొన గొట్టం సాగిపోయి ఆ తర్వాత లెడ్ ఊగుద్ది.

గొట్టమే వంగిపోతే కథ వేరు. డ్రాఫ్టింగ్ పెన్సిళ్ళకి ఆ గొట్టం దాదాపు 4 మిల్లీమీటర్లు బయటికి ఉంటది, స్కేలు అంచుకి ఆనించి గీయడానికే అలా చేస్తారు, మరి మొన కిందకి పడిందంటే ముందు వంగేది అదే. కొద్దిగా వంగితే సరిచెయ్యొచ్చేమో గానీ సాధారణంగా మునుపటిలా రాదు. బ్యాగులో, జేబులో పెట్టుకు తిరిగేవాళ్ళు మొన లోపలికి వెళ్ళే మోడల్ తీసుకోండి, పెంటెల్ గ్రాఫ్‌గేర్ 1000 అలాంటిదే. రోట్రింగ్ 600 లాంటి ఇత్తడి బాడీ పెన్సిల్ చేతిలో అద్భుతంగా ఉంటది కానీ బరువెక్కువ, పడితే మొన మీదే పడుద్ది, అది టేబుల్ మీదే ఉండాల్సిన వస్తువు.

గీత ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా వస్తోంది

లెడ్ ఒకవైపే అరుగుతోంది. గీత గీస్తూనే పెన్సిల్‌ని వేళ్ళ మధ్య నెమ్మదిగా తిప్పండి, అలవాటైతే చెయ్యే తిప్పుకుంటది. యూని కురుటోగా పెన్సిల్‌లో లెడ్ దానంతటదే తిరుగుద్ది కదా అంటారు, నిజమే, కానీ అది తిరిగేది మొన కాగితం మీద నుంచి లేచినప్పుడల్లా. నోట్సు రాసేటప్పుడు అక్షరం అక్షరానికీ లేస్తది కాబట్టి చక్కగా పనిచేస్తది, మినీ డ్రాఫ్టర్‌తో పొడుగు గీత గీసేటప్పుడు లేవదు కదా.

షీటు నల్లగా మసి అవుతుంటే పెన్సిల్‌ని అనకండి, స్కేళ్ళ అడుగున తడిగుడ్డతో తుడిచి చూడండి ఎంత పొడి వస్తదో. మన వైపు చెమట ఎక్కువ, చెయ్యి కింద ఒక తెల్లకాగితం పెట్టుకోండి.

ఇక ఇంకు పెన్నులకి వద్దాం.

నిన్న రాసింది, ఇవాళ రాయట్లేదు

పాళీలో ఇంకు ఎండిపోయింది. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను ఫుల్లులో పెట్టుకుని మూత తీసిన పెన్ను పక్కన పెట్టి ఆలోచిస్తూ కూర్చుంటే కాసేపట్లోనే ఎండుద్ది. ఆపినప్పుడల్లా మూత పెట్టండి. మూత పెట్టినా ఎండుతుంటే మూతకి పగులుందేమో చూడండి, మూతని పెదాలకి ఆనించి ఊదితే గాలి ఎటునుంచి పోతుందో తెలిసిపోద్ది.

వారాల తరబడి వాడకపోతే మాత్రం కడగాలి. పాళీ ఉన్న ముందు భాగం విప్పి, మామూలు చల్లనీళ్ళు కన్వర్టర్‌తో (ఇంకు లాక్కునే బుల్లి పంపు) లాగుతూ వదులుతూ నీళ్ళు తెల్లగా వచ్చేదాకా చెయ్యండి. తగ్గకపోతే గ్లాసు నీళ్ళలో అంట్లు తోమే లిక్విడ్ ఒకే ఒక్క చుక్క కలిపి రాత్రంతా నానబెట్టి పొద్దున మంచినీళ్ళతో కడగండి. వేడినీళ్ళు వద్దు, స్పిరిట్ అసలే వద్దు, కొన్ని ప్లాస్టిక్కులు, సెల్యులాయిడ్ పాడైపోతాయి, ఎబొనైట్ (పెన్నులు చేసే గట్టి రబ్బరు) రంగు మారుద్ది. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఏరియా అయితే చివరిసారి క్యాన్ వాటర్‌తో కడగండి. కడిగాక పాళీ కిందకి పెట్టి పాత నూలుగుడ్డ మీద నిలబెడితే లోపలి తడి గుడ్డ పీల్చేసుకుంటది.

కడిగినా కదలకపోతే ఏ ఇంకు పోశారో గుర్తుచేసుకోండి. వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంకు, ఇండియా ఇంకు లాంటివి ఇంకు పెన్నులో పొయ్యకూడదు. వాటిలో లక్క కలుస్తది, ఎండితే ఫీడ్ (పాళీ కిందుండి దానికి ఇంకు అందించే ముక్క) గాడుల్లో గట్టిపడి కూర్చుంటది, నీళ్ళకి కరగదు. డ్రాయింగ్ పనీ చేసి రాతా రాసే ఇళ్ళల్లో బుడ్డీలు పక్కపక్కనే ఉంటాయి, విడిగా పెట్టండి. బుడ్డీ మీద ఫౌంటెన్ పెన్ను కోసం అని ఉంటేనే పొయ్యండి, రెండు కంపెనీల ఇంకులు కలపకండి, కొన్ని కలిస్తే విరిగి మడ్డి కడతాయి.

రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోతోంది

కొత్త పెన్ను అయితే తయారీలో అంటిన జిడ్డు వల్ల కావచ్చు, పైన చెప్పినట్టు కడిగితే పోద్ది. పేజీ కింది సగంలోనే ఆగుతోందంటే మీ చేతి చెమట, నూనె కాగితానికి అంటాయి, పెన్ను బాగానే ఉంది. కన్వర్టర్ పెన్నుల్లో ఇంకు వెనకవైపే అంటుకుని ముందుకి దిగకుండా ఉంటది, చిన్నగా తడితే దిగుద్ది.

ఇవేమీ కాక పాళీ గీరుకుంటుంటే, ఏ దిక్కుకి గీరుకుంటోందో గమనించండి. ఒకవైపు గీసినప్పుడే గీరుకుంటే పాళీ రెండు రెక్కలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దంతో ఎదురుగా చూస్తే తెలుస్తది. ఎత్తుగా ఉన్న రెక్కని గోటితో చాలా కొద్దిగా కిందకి నొక్కి, రాసి చూసి, మళ్ళీ కొద్దిగా. గరుకు కాగితం మీద రుద్దితే నున్నగా అవుద్దని ఎవరైనా చెప్తే వినకండి, పాళీ చివర బుడిపె అరిగిపోయిందంటే మళ్ళీ రాదు.

పెన్ను ఇంకు కక్కుతోంది

డ్రాపర్‌తో ఇంకు పోసే పెన్నులకి ఇది ఎక్కువ. లోపల ఇంకు తగ్గేకొద్దీ గాలి పెరుగుద్ది, చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకుని బయటికి తోస్తది. అందుకే నిండుగా ఉన్నప్పుడు ఏమీ కాదు, మూడో వంతుకి వచ్చాక చుక్కలు పడతాయి. మన ఎండల్లో, ఆగి ఉన్న బస్సులో, చొక్కా జేబులో ఇది ఇంకా ఎక్కువ. మూడో వంతుకి రాగానే నింపేయండి, ప్రయాణంలో పాళీ పైకి ఉండేట్టు పెట్టుకోండి. ఎబొనైట్ వేడిని తొందరగా లోపలికి పోనివ్వదు కాబట్టి రాజమండ్రి రత్నం పెన్నుల్లాంటి ఎబొనైట్ పెన్నులకి ఈ బాధ కొంత తక్కువ. ఆ పెన్నుల పని అక్కడ 1932లో మొదలైంది, మన దగ్గర ఇప్పటికీ అలాంటి పెన్ను చేత్తో చేసి ఇచ్చేవాళ్ళు ఉండటం మన అదృష్టం అని నాకు గట్టిగా అనిపిస్తది.

పాళీ నుంచి కాక మర దగ్గర కారుతుంటే, మరలకి సిలికాన్ గ్రీజు పల్చగా రాసి బిగించండి. వ్యాజిలిన్ వద్దు, రబ్బరు వాషరు ఉంటే దాన్ని పాడుచేస్తది.

ఇంకు పాకుతోంది, వెనక పేజీకి దిగుతోంది

కాగితం. పల్చటి నోటుబుక్కుల్లో ఇది తప్పదు, వానాకాలం చెమ్మకి ఇంకా ఎక్కువ. కొనేముందు షాపులోనే మీ పెన్నుతో ఓ మూల రెండు గీతలు గీసి చూడనివ్వమని అడగండి. జీఎస్ఎం (కాగితం బరువు చెప్పే అంకె) ఎక్కువుంటే సాధారణంగా మంచిదే కానీ అదొక్కటే చూసి కొనకండి, మందంగా ఉండి కూడా ఇంకు పీల్చేసేవి ఉంటాయి. కాగితం మార్చలేకపోతే సన్నపాళీకి మారండి. పైలట్ లాంటి జపాన్ కంపెనీల ఫైన్ పాళీ జర్మనీ కంపెనీల ఫైన్ కన్నా సన్నగా రాస్తది, మామూలు నోటుబుక్కుల్లో రాసే పిల్లలకి అదే నయం.

కార్ట్రిడ్జ్ (ఇంకు నింపి అమ్మే గొట్టం) పట్టట్లేదు

బలవంతంగా తొయ్యకండి. పార్కర్‌ది పార్కర్‌కే, లామీది లామీకే, పైలట్‌ది పైలట్‌కే. మిగతా చాలా కంపెనీలు ఇంటర్నేషనల్ అనే ఒకే సైజు వాడతాయి. షాపుకి పెన్ను తీసుకెళ్ళి చూసి కొనండి.

పాళీ నిజంగానే వంగిపోయింది

రెక్కలు విడిపోయి నోరు తెరిచినట్టుంటే ఇంట్లో పట్టకారుతో ప్రయత్నించకండి. మన దేశం పెన్నుల్లో చాలావాటికి పాళీ, ఫీడ్ కలిపి లాగితే వచ్చేస్తాయి, అదే సైజు కొత్త పాళీ వేసుకోవచ్చు. పాత పెన్ను, ఇంట్లో పెద్దవాళ్ళది, అదే పాళీ ఉండాలి అనుకుంటే పెన్నులు తయారుచేసే చోటికే తీసుకెళ్ళండి, బెజవాడ నుంచి రాజమండ్రికి రైల్లో పొద్దున వెళ్ళి సాయంత్రానికి రావచ్చు. వెళ్ళేటప్పుడు మీరు రోజూ రాసే కాగితం, మీ ఇంకూ పట్టుకెళ్ళండి, వాళ్ళ ఇంకుతో వాళ్ళ కాగితం మీద రాసి చూసి తెచ్చుకుంటే ఇంటికొచ్చాక మళ్ళీ తేడా కొట్టొచ్చు.