కొత్త స్కాలర్లకు సైన్స్ తత్వం: కొట్టేసిన అంకెతో మొదలుపెట్టండి

రీసెర్చ్ స్కాలర్లకు గైడ్‌గా ఉంటే, నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొదటిసారి మా ల్యాబ్ పిల్లలకు బోర్డు మీద సైన్స్ తాత్వికుడు పాపర్ పేరు రాసి మొదలుపెట్టాను. పావుగంటకే అందరూ బల్ల కింద ఫోన్లు చూసుకుంటున్నారు. ఇప్పుడైతే వాళ్ల రికార్డు పుస్తకాలే తెప్పిస్తాను. కొట్టేసిన అంకె ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.

పోయినేడు ఫిషింగ్ హార్బర్ నీళ్లలో దొరికింది. కరిగిన ఆక్సిజన్‌ను వింక్లర్ పద్ధతిలో కొలుస్తుంటే ఒక్క సీసాలో మాత్రం ఎక్కువొచ్చింది. "అది తప్పండి, తీసేశాను" అంది అమ్మాయి.

"తప్పని ఎలా తెలిసిందమ్మా?"

"గ్రాఫ్ గీత మీద పడలేదండి."

"నువ్వు పరీక్షిస్తున్నది ఆ గీతనే కదా!"

ఇక్కడ ఆగండి, జవాబు మీరు చెప్పకండి. సీసాలో గాలి బుడగ చిక్కిందేమో అని వాళ్లే అంటారు. మరి మిగతా సీసాల్లో బుడగ కోసం వెతికారా అని అడగండి. నచ్చిన అంకెను ఎవరూ అనుమానించరు.

ఆ వేడి చల్లారకముందే ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త లెవెరియే కథ ఎత్తుకోండి. యురేనస్ లెక్క ప్రకారం నడవడం లేదు. ఆయన న్యూటన్‌ను తప్పుపట్టలేదు, కనబడని గ్రహమేదో లాగుతోందన్నాడు. 1846లో బెర్లిన్‌లో టెలిస్కోపు తిప్పితే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది. తర్వాత బుధుడి కక్ష్యలో తేడా వస్తే మళ్లీ అదే మంత్రం వేశాడు. ఆ గ్రహానికి వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు. అది లేనే లేదు! శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్లున్న (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) ఆ తేడా 1915లో ఐన్‌స్టైన్ కొత్త సిద్ధాంతంతో గానీ తీరలేదు. మనిషి ఒకడే, ఉపాయం ఒకటే. ఏది ఫలిస్తుందో ఆ రోజున ఎలా తెలుస్తుంది? వాళ్లనే వాదించుకోనివ్వండి.

పాపర్ (1934), సైన్స్ చరిత్రకారుడు కూన్ (1962) పుస్తకాలు ఈ గొడవయ్యాకే. ఒక్కొక్కరివి పది పేజీలు చాలు.

బయటికి తీసుకెళ్లాలంటే భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. చూసింది ఒక పేజీలో, ఊహించింది పక్క పేజీలో రాయించండి. "గాలి పోగేసిన ఇసుక" అనే ఊహను చూసిన పేజీలోనే రాసేస్తారు. వచ్చేటప్పుడు బీచ్‌లో మురీ మిక్చర్ ఖర్చు గైడ్‌దే.

ఆ అమ్మాయి పాయింటును మళ్లీ గ్రాఫ్‌లో పెట్టింది, పక్కన బుడగ అనుమానం కూడా రాసింది. సెమినార్‌లో మొదటి ప్రశ్న దాని మీదే వచ్చింది.